పాత డ్రిల్‌కు మూడు పిన్నుల వైరు వేయవచ్చా?

రెండు పిన్నుల వైరున్న పాత డ్రిల్ బాడీ లోహానిదైతే తప్పకుండా మూడు పిన్నుల వైరుకు మార్చండి. అప్పుడు లోపల వైరు తెగి బాడీకి తగిలినా కరెంటు మూడో వైరు, అంటే ఎర్త్ గుండా పోయి ఫ్యూజు కొట్టేస్తుంది.

అసలు పనంతా ఎర్త్ బిగించే చోటే ఉంది. పాత పెయింటు మీద స్క్రూ బిగిస్తే ఎర్త్ చేసినట్టు కాదు. మెరిసే లోహం కనబడేదాకా గీకి, రింగు లగ్గుతో (వైరు చివర తొడిగే గుండ్రటి లోహపు ముక్క) గట్టిగా బిగించండి. ఆ ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా కాస్త పొడుగ్గా ఉంచండి. ఎవరైనా లాగినా అది చివర్న ఊడాలి. వైరు లోపలికి వెళ్లే చోట దాన్ని కదలకుండా పట్టి ఉంచే క్లాంపు ఉండాల్సిందే. తర్వాత మల్టీమీటరుతో ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ చూస్తే 1 ఓమ్ లోపే రావాలి.

అయితే డ్రిల్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తుంటే అది డబుల్ ఇన్సులేషన్ (కరెంటు బాడీకి తగలకుండా రెండు పొరల రక్షణ), దానికి రెండు వైర్లే వేయండి. అన్నట్టు, సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో ముందే చూసుకోండి.