డెంటింగ్, పెయింటింగ్ నేర్చుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. కార్ల డెంటింగ్, పెయింటింగ్ పని నేర్చుకుంటానంటున్నాడు. ఐటీఐలో చేర్చమంటారా, తెలిసినవాళ్ల షెడ్డులో పెట్టమంటారా?
– ఒక తండ్రి, తాడేపల్లిగూడెం

రెండూ కావాలి. అయితే ముందు ఐటీఐ. ఈ పనికి అక్కడ రెండు వేర్వేరు ట్రేడులున్నాయి: మెకానిక్ ఆటో బాడీ రిపేర్, మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్. ఒక్కోటి ఏడాది కోర్సు. మొదటిదాంట్లో రేకు సరిచేయడం, వెల్డింగ్, ప్యానెళ్లు మార్చడం నేర్పుతారు. రెండోదాంట్లో పుట్టీ, ప్రైమర్, రంగు కలపడం, స్ప్రే. ఇవి అన్ని ఐటీఐల్లోనూ ఉండవు. మోటార్ మెకానిక్ సీటు చూపించి అదీ ఇదీ ఒకటేనంటే ఒప్పుకోకండి. ఇంజిన్ పని వేరు, బాడీ పని వేరు.

ఫీజు కట్టేముందు వర్క్‌షాపు చూపించమని అడగండి. సుత్తి దెబ్బలు తిన్న పాత డోర్లు, పుట్టీ పెట్టి అరగదీసిన బానెట్లు మూలన కుప్పగా పడి ఉంటే అక్కడ పిల్లలు నిజంగా పని చేస్తున్నట్టు. స్ప్రే గన్లు బీరువాలో తాళమేసి ఉండి, వెల్డింగ్ సెట్టు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయకపోతే ఇంకో ఐటీఐ వెతుక్కోండి.

కోర్సయ్యాక ఏదైనా కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ బాడీషాపులో అప్రెంటిస్‌గా చేర్చండి. చట్ట ప్రకారం స్టైపెండ్ వస్తుంది. అక్కడ బెంచి మీద బండిని బిగించి కొలతలు తీయడం చూస్తాడు. గుద్దుకున్న బండి ఛాసిస్ పాయింట్లు మామూలుగా మూడు మిల్లీమీటర్ల తేడా లోపలికి రావాలి. కంటి అంచనాతో లాగితే డోరు పడుతుంది గానీ టైర్లు ఒకపక్క అరుగుతాయి.

టింకరింగ్ షెడ్డు పనిని మేం తక్కువ చేయడం లేదు. సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) పట్టే చేయి అక్కడే తయారవుతుంది. కానీ చాలా షెడ్లలో ఇప్పటికీ గ్యాస్ వెల్డింగే వాడతారు. కొత్త కార్లలో ముందు, వెనక డోర్ల మధ్య నిలబడే పిల్లర్ లాంటి భాగాలు చాలా గట్టి ఉక్కుతో చేస్తారు. గ్యాస్ మంట తగిలితే ఆ ఉక్కు మెత్తబడిపోతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు, మళ్లీ యాక్సిడెంట్ అయినప్పుడు లోపల కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. అలాంటి భాగాన్ని వేడిచేసి లాగకూడదు. కంపెనీ మాన్యువల్ చెప్పిన చోట విడదీసి, అందులో చెప్పినట్టు స్పాట్ వెల్డింగో సీఓటూ వెల్డింగో చేసి కొత్తది పెట్టాలి. ఇంకో మాట. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం గొప్ప పనే, కానీ అది కారు బాడీ రిపేరు కాదు. మీ అబ్బాయికి ఏది కావాలో ముందే తేల్చుకోండి.

షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. డెలివరీ ఇచ్చేటప్పుడు పని అద్దంలా ఉంటుంది. రెండు నెలలకు పుట్టీ పెట్టిన చోట అంచు గీతలా తేలుతోంది. పుట్టీ బ్రాండు మార్చినా అంతే. ఎందుకు?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

బ్రాండు తప్పు కాదు. రంగు కింద ఉన్న పొరల్లో ఏదో ఒకటి పూర్తిగా ఆరకముందే పైపొర పడింది. అది తర్వాత మెల్లగా కుంగుతూ అంచును బయటపెడుతోంది. ఈ వరుసలో చూసుకోండి.

మొదట రేకు. సొట్టను సుత్తి, డాలీలతోనో వాషర్ వెల్డర్‌తోనో (రేకుకు వాషర్లు అతికించి లాగే మెషీన్) వీలైనంత పైకి తేవాలి. అరచేయి నిలువుగా, అడ్డంగా రాసి చూస్తే గుంట తెలుస్తుంది. పుట్టీ రెండు, మూడు మిల్లీమీటర్లు మించితే అది రేకు పని ఎగ్గొట్టినట్టే.

తర్వాత హార్డనర్, అంటే పుట్టీని గట్టిపరచే మందు. వంద గ్రాముల పుట్టీకి రెండు నుంచి మూడు గ్రాములు. కంటి అంచనాతో పిండొద్దు, చిన్న కాటా కొనుక్కోండి. తక్కువైతే పుట్టీ లోపల మెత్తగానే ఉండిపోతుంది. ఎక్కువైతే హార్డనర్‌లో మిగిలిన పెరాక్సైడ్ పైకి పాకి తెలుపు, సిల్వర్ రంగుల్లో పసుపు మరకగా తేలుతుంది. ఎండాకాలంలో పుట్టీ చేతిలోనే బిగుసుకుంటోందని హార్డనర్ తగ్గించేస్తుంటారు. అది తప్పు. నిమ్మకాయంత చొప్పున కొంచెం కొంచెమే కలుపుకోండి.

మూడోది అంచు. మీ ఇబ్బందికి అసలు చోటు ఎక్కువగా ఇదే. ఎనభై నంబరు శాండ్ పేపరుతో పాత రంగు తీసి, ఆ గరుకు అంచు మీదే పుట్టీ లాగేస్తే ప్రైమర్‌లోని థిన్నర్‌కు ఆ అంచు ఉబ్బుతుంది, ఆరాక కుంగుతుంది. 120, 180, 240 నంబర్లతో అంచును పలచగా జార్చుకుంటూ పోవాలి. వేలు రాస్తే మెట్టు తగలకూడదు. పుట్టీని ఆ జారుడు లోపలే ఆపాలి.

నాలుగోది నీళ్లు. పుట్టీని వాటర్ పేపర్‌తో రుద్దే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. పుట్టీ నీళ్లు పీలుస్తుంది. ఆ తడి ప్రైమర్ కింద చిక్కుకుని తర్వాత బుడగలు, తుప్పు వస్తాయి. పుట్టీని పొడిగానే, చెక్క లేదా రబ్బరు బ్లాకు పెట్టి రుద్దాలి. వాటర్ పేపర్ వాడాలనుకుంటే ప్రైమర్ మీద.

ఆఖరున ప్రైమర్. హార్డనర్ కలిపే టూకే ప్రైమరే వాడండి. పాత ఎన్‌సీ ప్రైమర్ (హార్డనర్ లేకుండా థిన్నర్ ఆరితేనే గట్టిపడేది) నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది. రెండు మూడు కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య ఐదు నుంచి పది నిమిషాలు. హీటర్ లేని షెడ్డులో రాత్రంతా వదిలేయండి. తెల్లారి పైన నల్ల గైడ్ కోట్ పలచగా చల్లి, బ్లాకుతో పొడిగా 400, 500 నంబర్లతో గానీ నీళ్లతో 800తో గానీ రుద్దండి. నలుపు ఇంకా మిగిలిన చోట గుంట ఉన్నట్టు. కస్టమర్ తొందరపెడితే ముందు కోత పడేది ఈ రాత్రికే. అక్కడ మాత్రం లొంగకండి.

సిల్వర్ కారుకి కంపెనీ కోడ్ ప్రకారమే రంగు కలిపాం. అయినా డోరు పక్క డోరుకంటే నల్లగా కనిపిస్తోంది.
– ఒక పెయింటర్, కరీంనగర్

కోడ్ సరైనదే కావచ్చు. మెటాలిక్ రంగులో అల్యూమినియం రేణువులు ఎలా పడుకున్నాయన్నదే సగం రంగు. కోటు మరీ తడిగా పడితే రేణువులు అడుగుకు దిగి, ఎదురుగా చూస్తే నల్లబడుతుంది. పొడిగా పడితే తెల్లబడుతుంది. గన్ దూరం, ఎయిర్ ప్రెషర్, థిన్నర్ ఎంత వేగంగా ఆరుతుందన్నది, ఇవన్నీ రంగును మారుస్తాయి. బండి మీద కొట్టేముందు అదే గన్‌తో, అదే ప్రెషర్‌తో టెస్ట్ కార్డు మీద కొట్టి, క్లియర్ (పైన వేసే రంగులేని మెరుపు పొర) కూడా వేసి, పగటి వెలుగులో ఎదురుగా, రెండు పక్కల నుంచి పోల్చి చూడండి. ఇంత చేసినా సిల్వర్‌లో డోరు అంచు దగ్గర రంగు ఆపేస్తే తేడా కనబడుతుంది. పక్క ప్యానెల్‌లోకి రంగును పలచగా కలిపేసి, ఆ ప్యానెల్ మొత్తానికీ క్లియర్ వేయడమే దారి. ఆ ప్యానెల్ ఖర్చు ఎస్టిమేట్‌లోనే రాయండి, తర్వాత గొడవ ఉండదు.

స్ప్రే చేసేటప్పుడు మూతికి కర్చీఫ్ కట్టుకుంటే చాలదా? మా మేస్త్రీ ఇరవై ఏళ్లుగా అదే కడుతున్నాడు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

చాలదు. టూకే ప్రైమర్, క్లియర్ హార్డనర్లలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకు ముఖ్య కారణాల్లో అవి ఒకటి. కర్చీఫ్‌కు గానీ దుమ్ము మాస్కుకు గానీ అవి ఆగవు. వాసన రాలేదంటే ప్రమాదం లేదనుకోకూడదు, వాసన తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది. ఒంటికి ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత చుక్కంత స్ప్రే తుంపరకే ఆయాసం వస్తుంది. అప్పుడిక ఈ వృత్తే మానుకోవాలి. మీ మేస్త్రీకి ఏమీ కాకపోవచ్చు, మీకూ కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సరైనది బయటి శుభ్రమైన గాలి పైపు ద్వారా అందే ఎయిర్ ఫెడ్ మాస్కు. దానికి కంప్రెసర్ గాలిని నేరుగా పెట్టకూడదు, ఊపిరికి పనికొచ్చే ఫిల్టర్ యూనిట్ ఉండాలి. అది దొరికేదాకా కనీసం ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, పార్టికల్ ఫిల్టర్ రెండూ ఉన్న రబ్బరు హాఫ్ మాస్కు పెట్టుకోండి. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది, గీసుకోవాలి. నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి, చర్మం ద్వారా కూడా ముప్పు ఉంది. గన్ ఆపగానే మాస్కు తీయొద్దు, గాలిలో రంగు తుంపర ఇంకా తేలుతూనే ఉంటుంది. పక్కన టీ తాగేవాళ్లనూ బయటికి పంపండి.

అమెరికాలో ఈ పనికి ఏ సర్టిఫికెట్ అడుగుతారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

అక్కడి షాపులు గుర్తించేవి ఏఎస్ఈ (మెకానిక్‌లకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పరీక్షలు, ఐకార్ (బాడీ రిపేరు శిక్షణ సంస్థ) కోర్సులు. ఏఎస్ఈలో బి2 పెయింటింగ్, బి3 పైప్యానెళ్ల రిపేరు, బి4 ఛాసిస్ లాంటి బలమైన భాగాల రిపేరు, బి6 నష్టం అంచనా. పరీక్ష పాసవడంతో పాటు అనుభవం కూడా చూపాలి. ఇవి వీసా ఇప్పించవు. ఇప్పటినుంచే చేసిన ప్రతి పనికీ ముందు, మధ్య, తర్వాత ఫొటోలు తీసి దాచుకోండి.

నేర్చుకునేవాడు మొదట ఏ పనిముట్లు కొనాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

మాస్కు, కాటా, రెండు సుత్తులు, మూడు రకాల డాలీలు, పొడుగు బ్లాకు ఒకటి, పొట్టిది ఒకటి. గన్ తర్వాత కొనవచ్చు. కొన్నప్పుడు బేస్ (రంగు పొర), క్లియర్‌కు 1.3 నాజిల్, ప్రైమర్‌కు 1.7 నాజిల్ ఉన్న వేరే గన్. ప్రైమర్ కొట్టిన గన్‌తో క్లియర్ కొట్టొద్దు. రోజూ పొద్దున కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న నీళ్లు వదిలాకే గన్ ముట్టుకోండి.