నుయ్యి పూడ్చి స్విమ్మింగ్ పూల్ కట్టించినవాడి జవాబు

ప్రశ్న: మధురవాడ దగ్గర 300 గజాల్లో ఇల్లు కడుతున్నాం. పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ పెట్టించమని పిల్లలు గొడవ. పెట్టే ఖర్చుకు తగ్గ ఉపయోగం ఉంటుందా?

నేను పెట్టించానండి. ఎండాడలో, 2011లో. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, ఒక కొసన మూడడుగుల లోతు, రెండో కొసన అయిదున్నర. ఎనిమిది లక్షల చిల్లర అయింది. ఇప్పుడు గొయ్యి ఉంది, పూల్ లేదు.

అసలు సంగతికి ముందు ఒకటి చెప్పాలి. వైజాగ్‌లో ఈ ప్రశ్న ఎవరడిగినా "ఎదురుగా సముద్రం పెట్టుకుని పూల్ ఎందుకండీ" అనే పెద్దమనిషి ఒకడు తయారవుతాడు. ఆయన మాట వినకండి. మన సముద్రం చూడ్డానికి, గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తినడానికి. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులో నిలబడితేనే కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది. ఋషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు జెండా వచ్చింది, సంతోషమే. జెండా చూసి కెరటం ఆగదు కదా. అంచేత బీచ్ ఉందని పూల్ మానుకోనక్కర్లేదు. మానుకోవడానికి వేరే కారణాలున్నాయి.

మా స్థలం నాన్నగారు కొన్నది. పెరట్లో నుయ్యి ఉండేది, గిలకతో సహా. పూల్ పట్టాలంటే అది అడ్డం. పూడ్పించేశాను. ఆ రోజు మా అమ్మ అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తుంది: "నీళ్ళున్న నుయ్యి పూడ్చి, నీళ్ళు కొని పోసే గొయ్యి తవ్వుతున్నావేట్రా?"

అమ్మ మాట మొదటి రోజే నిజమైంది. పూల్‌కి పట్టేది దాదాపు 35 వేల లీటర్లు. బోరుంది కదా అని రెండు రోజులు మోటారు వేసి నింపాను. తళతళలాడుతోంది. చుట్టాలందరినీ పిలిచాను. సాయంత్రం క్లోరిన్ కలిపాం. చూస్తుండగానే నీళ్ళు టీ డికాషన్ రంగులోకి తిరిగాయి. మా బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువట, క్లోరిన్ తగిలితే అది తుప్పురంగులో బయటపడుతుందట. ఈ సంగతి కట్టించిన కాంట్రాక్టర్‌కి తెలీదా అంటే తెలుసు. "మీరు అడగలేదు కద్సార్" అన్నాడు. మా పెద్ద బావమరిది డికాషన్‌లోనే దిగుతానన్నాడు, మా ఆవిడ దిగనివ్వలేదు. ఆ నీళ్ళన్నీ తోడి పారబోసి, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు తెప్పించాం. మీరు కట్టినా కట్టకపోయినా, ముందు మీ బోరు నీళ్ళు టెస్ట్ చేయించండి. అది మాత్రం ఊరికే పోదు.

నడిపే ఖర్చు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఒకటిన్నర హార్స్‌పవర్ పంపు రోజుకి ఎనిమిది గంటలు తిరిగితే తొమ్మిది యూనిట్లు. నెలకి 270. అది ఇంటి మీటర్ మీదే పడుతుంది కాబట్టి మీ ఏసీ కూడా పై స్లాబులోకి ఎక్కుతుంది. మన ఎండకి క్లోరిన్ నిలవదు, పొద్దున్న వేసింది మధ్యాహ్నానికి ఎండకి విరిగిపోతుంది, అందుకని పొద్దుగూకాక వెయ్యాలి. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఒక వేసవి అయిపోయింది. ఇక ఎర్రమట్టి. నాలుగు రోజులు గాలి వీస్తే అడుగున గోరింటాకు పిండి పరిచినట్టుంటుంది. వారం రోజులు ఊరెళ్ళి వస్తే నీళ్ళు పచ్చగా, దోమపిల్లలతో. మలేరియా సిబ్బంది వచ్చి ఇంటి ముందే క్లాసు పీకారు, వీధంతా చూస్తుండగా.

దిగే నిచ్చెన రెండేళ్ళకే తుప్పు పట్టింది. ఉప్పుగాలికి మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఆగదు, 316 రకం అడిగి వేయించుకోవాలని డాక్‌యార్డులో పనిచేసే మా బావ చెప్పాడు. ఎప్పుడు? తుప్పు పట్టాక. ఇంకో మాట, వానాకాలంలో పూల్ ఖాళీ చేసి ఉంచమని ఎవరైనా చెబితే వినకండి. కింద నేల నీరు పట్టి ఉంటుంది, లోపల నీళ్ళ బరువు లేకపోతే అది పూల్‌ని పైకి తంతుంది. మా అడుగు టైల్స్ బీటలిచ్చింది అందుకే.

మరి ఈత? మొదటి వేసవి పిల్లలు నీళ్ళలోనే ఉన్నారు. రెండో ఏడు ఆదివారాలు. మూడో ఏడు పెద్దాడు ఇంటర్‌లో చేరాడు, వాడికి నిద్రకే టైం లేదు, ఈతకెక్కడ? అయినా 24 అడుగుల్లో ఈత రాదండీ. నాలుగు బారలు వేసేసరికి గోడ. మావాళ్ళు ఈత నేర్చుకున్నది బీచ్ రోడ్డులో జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో. ఇంట్లో పూల్ పెట్టుకుని పిల్లల్ని బండి మీద ఊళ్ళో పూల్‌కి తీసుకెళ్ళినవాణ్ణి నేనే అయ్యుంటాను.

ఇంత తిట్టినా, ఆ పూల్ ఒక్క వారం మాత్రం నా డబ్బు మొత్తం తీర్చింది.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యలో కాసేపు గాలి ఆగిపోతే అయిపోయిందనుకుని గేటు తీశాం, ఈసారి అటువైపు నుంచి కొట్టింది. మర్నాడు చూస్తే పూల్ నిండా వేపకొమ్మలు, కొబ్బరిమట్టలు, ఎవరిదో సింటెక్స్ ట్యాంకు మూత. కరెంటు లేదు కాబట్టి బోరు లేదు. కుళాయి లేదు. ఫోన్లు లేవు. సగం ఇళ్ళ మీద ట్యాంకులే లేవు.

మంగళవారం పొద్దున్న వెనక వీధి ముసలావిడ ఒకామె బకెట్‌తో వచ్చింది. "బాబూ, మీ నూతిలో నీళ్ళు తోడుకోనా, దొడ్డికి?" అంది. నేను అది నుయ్యి కాదమ్మా అనబోతే మా అమ్మ లోపల్నించి, "నుయ్యే, తోడుకో" అంది.

ఆ సాయంత్రానికి లైను. గట్టు మీద కుర్చీ వేసుకుని అమ్మ కూర్చుంది, రేషన్ డీలరులా. ఇంటికి నాలుగు బకెట్లు. తాగొద్దు, వండొద్దు, పాయిఖానాకీ ఇల్లు కడుక్కోడానికీ మాత్రమే. ఎవరైనా అయిదో బకెట్ ముంచితే అమ్మ పేరు పెట్టి పిలిచేది. మూడేళ్ళుగా ఆ వీధిలో ఉంటూ నాకు తెలియని పేర్లన్నీ ఆవిడకి ఆ వారంలో తెలిసిపోయాయి. నలభై ఇళ్ళ దాకా వచ్చేవారు. కరెంటు వచ్చి మా బోరు తిరిగేసరికి నీళ్ళు రెండడుగులు దిగాయి. మా చిన్నాడు అడుగున బీటలు లెక్కపెట్టాడు, పదకొండు.

ఆ వారం చూశాకే నాకు ఒకటి గట్టిగా పట్టుకుంది. మన ఊళ్ళో ఇంటికి కావలసింది ఈత కాదు, నీళ్ళ నిలవ. మీరు పూల్‌కి పెట్టే డబ్బులో మూడో వంతు పెడితే పెద్ద సంపు, డాబా మీది వాన నీళ్ళకి పైపులు, ఇంకుడు గుంత, మూడూ వస్తాయి. పైగా మా పూల్ తిన్న చోటు 32 గజాలు, చుట్టూ నడిచే దారి కాక. మధురవాడలో గజం రేటు మీకు నాకంటే బాగా తెలుసు, గుణించుకోండి.

పెద్దాడు బెంగళూరు వెళ్ళాక, 2019లో, పైన స్లాబ్ వేయించి, బీటలు పూడ్పించి, డాబా పైపు అందులోకి తిప్పేశాం. స్లాబ్ మీద మా ఆవిడ వడియాలు పెడుతుంది. మూత తీసి తోడుకోడానికి అమ్మ పాత గిలకే వెతికించి బిగించమంది, బిగించాం.

ఫిల్టర్ ట్యాంకు మాత్రం ఇంకా మెట్ల కింద ఉంది. ఇంత చెప్పినా పూల్ కట్టిస్తాననుకుంటే వచ్చి ఊరికే పట్టుకెళ్ళండి. నీళ్ళు వడగట్టే ఇసుక అందులోనే ఉంటుంది, అది మార్చుకోవాలి. నిచ్చెన అడక్కండి, పాత ఇనుప సామానువాడే వద్దన్నాడు.