వాన బయట, తడి లోపల
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డేరా మోయకుండా ఆరుబయట రాత్రి గడపాలనుకునే వారి నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి ఉన్నాయి. అది స్లీపింగ్ బ్యాగ్ మీద తొడుక్కునే పలచని వాటర్‌ప్రూఫ్ సంచి, అంటే బివీ. కాబట్టి ఈసారి శీర్షికను దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ముగ్గురు మిత్రులం డిసెంబరులో మోటారు సైకిళ్ల మీద లంబసింగి, అరకు వైపు వెళ్లి రెండు రాత్రులు బయట పడుకోవాలనుకుంటున్నాం. అర కిలో బరువుండే వాటర్‌ప్రూఫ్ బివీ తలా ఒక్కటి తీసుకుంటే చాలునా? తడిని ఆపుతూనే ఆవిరిని బయటికి పంపే గుడ్డ అని అమ్మేవారు చెబుతున్న మాట నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వాన సూచన లేని డిసెంబరు, జనవరి రాత్రులకు చాలుతుంది. అయితే తడి పైనుంచి వస్తుందని మీరు భయపడుతున్నారు. నాకు అది లోపలి నుంచి వచ్చింది.

నేను మొదటిసారి బివీలో పడుకున్నది అరకు లోయలో, ఒక రైతు అనుమతితో, ఆయన కళ్లం పక్కన. ఆకాశంలో మబ్బు తునక లేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి కాళ్ల వైపు స్లీపింగ్ బ్యాగ్ చెమ్మగిల్లి బరువెక్కి ఉంది. మంచుకు సంచి కారిందనుకుని, అమ్మిన దుకాణదారుణ్ణి మనసులో తిట్టుకుంటూ గుడ్డ లోపలి వైపు వేలితో రాశాను. వేలు వెళ్లిన దారంతా చుక్కలు ఒకటిగా కూడి, మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. పార్సిల్ కట్టిన వేడి ఇడ్లీల పొట్లం విప్పితే ప్లాస్టిక్ కాగితం లోపలి వైపు ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ పొట్లంలో ఇడ్లీని నేనే. చలికి ఓర్వలేక ముఖం కూడా లోపలికి లాక్కుని జిప్పు పూర్తిగా మూసుకోవడం నేను చేసిన తప్పు, దుకాణదారు చేసినది కాదు.

నిద్రలో ఉన్న మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా ఒక రాత్రిలో సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. గదిలో అది మనకు తెలియదు. శరీరానికి జానెడు దూరంలో గుడ్డ ఉన్నప్పుడు ఆ పావు లీటరు ఎక్కడికి పోవాలన్నదే అసలు ప్రశ్న. పాలీయురేథేన్ గానీ సిలికోన్ గానీ పూసిన నైలాన్ సంచులు నీటిని బాగానే ఆపుతాయి, కాని ఆవిరిని కూడా దాదాపు అంతే గట్టిగా ఆపుతాయి. రెండో రకం సంచుల్లో గుడ్డకు లోపల సన్నని పొర ఒకటి అతికించి ఉంటుంది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ వేడి చేసిన టెఫ్లాన్ కడ్డీని ఒక్క ఉదుటున లాగినప్పుడు అది తెగకుండా సాగి, లోపల లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రాలు ఏర్పడ్డాయి. ఈ రకం పొరల్లో పేరున్న గోర్‌టెక్స్ పుట్టుక అదే. నీటి చుక్క దూరలేనంత చిన్నవిగా, ఆవిరి దూరగలిగినంత పెద్దవిగా ఆ రంధ్రాలు ఉంటాయన్న మాట నిజమే. కాని ఆవిరి తనంత తాను బయటికి పోదు. లోపల ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే పోతుంది. అమ్మేవారు చెప్పకుండా వదిలేసేది ఈ ఒక్క షరతునే.

ఈ షరతు మన ప్రాంతంలో ఎలా పని చేస్తుందో చూడండి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. 10 డిగ్రీల దగ్గర ఆ శక్తి 9 గ్రాములకు పడిపోతుంది. విశాఖ తీరాన ఉక్క రాత్రి గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంటుంది కాబట్టి సంచిలోని ఆవిరికి బయట చోటు లేదు, ఎంత ఖరీదైన పొర కొన్నా అంతే. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో, చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగినప్పుడు, బయటి గాలిలో ఆవిరి తక్కువ కాబట్టి పొర పని చేస్తుంది. అయితే అక్కడ మరో చిక్కు ఉంది. గుడ్డ కూడా చల్లబడి ఉంటుంది కనుక ఆవిరిలో కొంత భాగం దాన్ని తాకగానే నీరవుతుంది. ఏజెన్సీ చలికాలంలో పొర ఉన్న సంచి తడిని బాగా తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. అంతవరకు అమ్మేవారి మాట నమ్మవచ్చు.

అందుచేత గుడ్డ ఎంపిక కంటే పడుకునే తీరు ముఖ్యం. ముక్కూ నోరూ ఎప్పుడూ వాటర్‌ప్రూఫ్ గుడ్డ బయటే ఉండాలి. చలికి మంకీ క్యాప్ పెట్టుకోండి గాని తల లోపలికి లాక్కోవద్దు. జిప్పును కనీసం జానెడు తెరిచి ఉంచండి. పూత పూసిన సంచిలో ఇది ఊపిరికి, అంటే ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త కూడా. లోపల కొవ్వొత్తి గానీ స్టవ్ గానీ వెలిగించే ఆలోచనే రానివ్వకండి.

చోటు ఎంపికతోనూ సగం తడి తప్పించుకోవచ్చు. అరకు మడుల పల్లంలో చల్లగాలి, పొగమంచు వచ్చి నిలుస్తాయి. అక్కడి నుంచి పది ఇరవై అడుగుల ఎత్తుకు వెళితే తేడా చెంపకు తెలుస్తుంది. ఆరుబయలు కంటే చెట్టు కొమ్మల కింద మంచు తక్కువ పడుతుంది, ఎందుకంటే నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోకుండా ఆకులు అడ్డుకుంటాయి. ఎండిన కొమ్మలున్న చెట్టు మాత్రం వద్దు.

నేల చలి మరో సంగతి. ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం అణగిపోయి వెచ్చదనాన్ని ఆపలేదు కాబట్టి ఫోమ్ పరుపు తప్పనిసరి. దాన్ని సంచి లోపల పరుచుకుంటే రాత్రి దొర్లినా పక్కకు జారదు. ఆ వెడల్పు సంచిలో ఉందో లేదో కొనేముందే చూసుకోండి. ఈకల స్లీపింగ్ బ్యాగ్ తేలిక, కాని తడిస్తే చప్పబడిపోయి వెచ్చదనం పోతుంది. మీది రెండు రాత్రుల ప్రయాణం కాబట్టి సింథటిక్ దూది నింపినదే మేలు. మొదటి ఉదయం ఎండ రాగానే సంచినీ బ్యాగ్‌నూ లోపలి వైపు బయటికి తిప్పి బండి మీద ఆరవేయకుండా టీ తాగడానికి వెళ్లవద్దు; రెండో రాత్రి నిద్ర ఆ గంట మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక వాన. చీటీ మీద 10,000 మిల్లీమీటర్లు అని ఉంటే, గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలిపినంత ఒత్తిడి దాకా అది కారదని అర్థం. అడుగు గుడ్డకు ఈ అంకె ఎక్కువ ఉండాలి, ఎందుకంటే తడి నేల మీద మోచేయి, తుంటి ఆనే చోట ఒత్తిడి ఎక్కువ. కుట్ల మీద టేపు వేసి ఉండాలి. లేకపోతే అంకె ఎంతైనా సూది రంధ్రాల గుండా నీరు వస్తుంది. ఇవన్నీ సరిగా ఉన్నా, వానలో బివీలోకి దూరేటప్పుడు జిప్పు తెరిచిన ఆ అర నిమిషంలోనే లోపలంతా తడుస్తుంది, చెప్పులూ సంచులూ బయటే నానుతాయి. అందుకని సుమారు 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న తేలికపాటి బరకం ఒకటి తల మీదుగా వాలుగా కట్టుకోవాలి. బివీ అర కిలో, బరకం 300 నుంచి 400 గ్రాములు, తాళ్లూ మేకులూ కలిపితే కిలో దగ్గరికి వస్తుంది. ఒక్కరు పట్టే తేలిక డేరా కిలో నుంచి కిలోన్నర. మిగిలే బరువు మీరు ఊహించినంత కాదని ముందే తెలుసుకోవడం మంచిది. మోటారు సైకిల్ మీద వెళ్లేవారికి ఆ అర కిలో గురించి అంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాలేదు, కాని అది మీ ఇష్టం.

పొలమైనా కాఫీ తోటైనా ఊరివారిని అడిగి పడుకోండి. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి వేసవి సెలవుల్లో మిత్రులతో కలిసి సముద్రపు ఒడ్డున బివీలో పడుకుంటానని పట్టుబడుతున్నాడు. దోమతెర ఉన్నది కొనిస్తే ఫరవాలేదా?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: కొనివ్వకండి అమ్మా. పై జవాబులో చెప్పిన ఉక్క లెక్క మే నెలలో మీ అబ్బాయికి పూర్తిగా వర్తిస్తుంది. రాత్రి కూడా 27, 28 డిగ్రీల దగ్గర ఆగిపోయే చోట వాటర్‌ప్రూఫ్ సంచిలో ఎవరూ గంటకు మించి పడుకోలేరు. వాడు అర్ధరాత్రి దానిలోంచి బయటికి వచ్చి ఇసుకలో పడుకుంటాడు, దోమలు తమ పని తాము చేసుకుంటాయి. ఇంకో సంగతి, మన తీరానికి చలికాలం చివరి నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డున మనుషుల అలికిడికి, లైట్లకు అవి బెదిరి వెనక్కి మళ్లుతాయి; గుడ్ల నుంచి బయటికి వచ్చిన పిల్లలు సముద్రం వైపు కాక వెలుతురు వైపు నడుస్తాయి. సరదా తీరాలంటే మీ డాబా మీద పరుపు వేసి, పైన మామూలు దోమతెర కట్టించండి. డిసెంబరు వచ్చాక కొండలకు పంపండి.

ప్రశ్న: మాది పల్లెటూరు, పాముల భయం తెలిసినవాళ్లం. నేల మీద సంచిలో పడుకోమనడం ఎంతవరకు భద్రం?
– ఒక పాఠకుడు, నర్సీపట్నం దగ్గర

జవాబు: అడగవలసిన ప్రశ్న అడిగారు. పొలం కాపలా ఉండే మన రైతులు మంచె కట్టుకుని ఎత్తున పడుకోవడం ఊరికే రాలేదు. నేల మీద నిద్రపోయే వారికి మన ప్రాంతంలో ఎక్కువ ప్రమాదం కట్లపాముతో. అది రాత్రిపూట తిరుగుతుంది. కాటు దాదాపు నొప్పి లేకుండా ఉంటుంది, వాపు కూడా పెద్దగా రాదు. కడుపునొప్పితోనో, రెప్పలు వాలిపోతూనో మెలకువ వచ్చేదాకా కాటు సంగతి తెలియకపోవచ్చు. అటువంటి లక్షణం కనిపిస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

అడుగు భాగమూ దోమతెరా కలిపి కుట్టి, జిప్పుతో పూర్తిగా మూసుకునే బివీ ఈ విషయంలో ఒట్టి చాప కంటే, తెరచి ఉన్న బరకం కంటే ఎంతో మేలు. ముక్కూ నోరూ ఎదుట వాటర్‌ప్రూఫ్ మూతను జానెడు తెరిచి, దాని వెనకున్న దోమతెర జిప్పును మాత్రం చివరిదాకా మూయాలి. తెర లేని బివీని మన అడవుల్లో నేను ఎవరికీ సిఫారసు చేయను. తెర ముఖానికి ఆనుకుంటే దోమ పైనుంచే కుడుతుంది. తల దగ్గర వంపు కడ్డీ ఉన్న రకం తీసుకోండి, లేదా తెర మధ్య ఉన్న దారపు ఉచ్చును పైకొమ్మకు కట్టుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది కనుక ఇది చిన్న విషయం కాదు. బూట్లను ఒక కవర్లో మూతి కట్టి పెట్టి, ఉదయం దులిపి తొడుక్కోండి. గడ్డి, పొదల మధ్య పరుచుకోవద్దు. అక్కడుండే చిగర్ అనే సూక్ష్మ పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. తిరిగి వచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే, ఒంటి మీద నల్లటి పొక్కు కనిపించినా కనిపించకపోయినా, అడవిలో పడుకున్న సంగతి డాక్టరుకు చెప్పండి. చెబితే మందు త్వరగా అందుతుంది.

ప్రశ్న: వెండి రంగులో మెరిసే అత్యవసర సంచి చాలా చవగ్గా దొరుకుతోంది. అదే వాడుకోవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: దారి తప్పిన రాత్రికో, దెబ్బ తగిలి కదలలేని మనిషికో అది ప్రాణం నిలిపే వస్తువు, 100, 150 గ్రాముల బరువే కాబట్టి సంచిలో ఒకటి పడేయండి. ఆవిరి అసలు పోదు, కదిలినప్పుడల్లా పక్కవాళ్లు లేచేంత చప్పుడు చేస్తుంది, ముల్లు తగిలితే చిరుగుతుంది. దాన్ని రోజూ పడుకునే పడక అనుకోకండి.

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం కొన్న బివీని బీరువాలోంచి తీస్తే లోపలి వైపు జిగురుగా అంటుకుంటోంది, పుల్లని వాసన వస్తోంది. ఉతికితే బాగుపడుతుందా?
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: బాగుపడదు. అది మురికి కాదు, పాలీయురేథేన్ పూత తేమకు విరిగిపోవడం. మన ఊరి తేమలో, వేడిలో, గట్టిగా మడిచి చిన్న సంచిలో కుక్కి ఉంచిన గుడ్డకు ఇది త్వరగా వస్తుంది. ఒక్కసారి తడిగా లోపల పెట్టి ఉంటే ఇంకా త్వరగా. గోరుతో గీకితే పొట్టులా లేస్తుంటే దాని వాటర్‌ప్రూఫ్ పని అయిపోయినట్టే. కత్తిరించి బండి సీటు మీద కప్పుకోండి.

కొత్తది కొన్నాక మాత్రం ప్రతి ప్రయాణం తర్వాత గోరువెచ్చని నీళ్లతో, తక్కువ సబ్బుతో చేత్తో కడిగి, నీడన రెండు వైపులా ఆరనివ్వండి. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం వాడవద్దు. మడవకుండా, వదులుగా, పాత నూలు దిండుగలీబులో వేసి బీరువా పైఅరలో ఉంచండి. పైన నీరు ముత్యాల్లా జారకుండా గుడ్డలోకి ఇంకిపోతుంటే అది కారుతున్నట్టు కాదు, పైపూత అరిగినట్టు. అలా నానిన గుడ్డ గుండా ఆవిరి పోదు కాబట్టి లోపల తడి పెరుగుతుంది. ఆ పైపూతకు వేరే ద్రవం దొరుకుతుంది, కడిగాక రాసి ఆరబెడితే చాలు.