ఫోన్ పోతేనే దొరుకుతోంది, అంత పెద్ద విమానం ఎందుకు దొరకలేదు?

ప్రశ్న: ఈ రోజుల్లో ఫోన్ పోతేనే ఎక్కడుందో నిమిషాల్లో చెప్పేస్తున్నారు. 239 మందితో వెళ్తున్న ఎంహెచ్ 370 విమానం ఆచూకీ లేకుండా ఎలా పోయింది? హైజాక్ అంటారు, మంటలంటారు, పైలట్ పనేనంటారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గాల్లో ఉన్న ప్రతి విమానాన్నీ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని మనందరి నమ్మకం. అలా ఏం లేదండీ. తీరం నుంచి నాలుగైదు వందల కిలోమీటర్లు దాటితే నేలమీది రాడార్‌కి విమానం అందదు. అందే చోట కూడా కంట్రోలర్ తెరమీద కనబడే ఫ్లైట్ నంబరు, ఎత్తు లాంటివన్నీ విమానంలో ఉన్న ట్రాన్స్‌పాండర్ పంపితేనే వస్తాయి. అది ఆగిందంటే మామూలు కంట్రోలర్ తెరమీద విమానం లేనట్టే.

2014 మార్చి 8న జరిగింది అదే. రాత్రి 12:42కి కౌలాలంపూర్‌లో లేచిన ఆ బోయింగ్ 777 బీజింగ్ వెళ్ళాలి. 1:19కి కాక్‌పిట్ నుంచి మలేసియా కంట్రోలర్‌కి గుడ్ నైట్ చెప్పారు, ఇక వియత్నాం వాళ్ళతో మాట్లాడాలి. 1:21కి ట్రాన్స్‌పాండర్ ఆగిపోయింది. సరిగ్గా రెండు దేశాల హద్దు దగ్గర! వీళ్ళేమో అప్పజెప్పేశాం అనుకున్నారు, వాళ్ళేమో ఇంకా పలకలేదేంటని చూస్తూ కూర్చున్నారు, పావుగంట దాటాక గానీ ఫోన్ చేసి అడగలేదు. గాలింపు కేంద్రం రంగంలోకి దిగేసరికి తెల్లవారుజామున 5:30 అయింది. ఆ నాలుగు గంటలూ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది, ఎందుకంటే అప్పటికి విమానం ఇంకా గాల్లోనే ఉంది.

ట్రాన్స్‌పాండర్ ఆగాక విమానం ఎడమకి తిరిగి, మలేసియా మీదుగా వెనక్కి వచ్చి, పెనాంగ్ పక్కనుంచి మలక్కా జలసంధి మీదికి వెళ్ళిందని, ట్రాన్స్‌పాండర్‌తో పనిలేని మిలిటరీ రాడార్ రికార్డుల్లో తర్వాత తేలింది. 2:22 తర్వాత అందులోనూ లేదు.

ఇక మీరడిగిన కారణాలు. సరుకులో 221 కిలోల లిథియం అయాన్ బ్యాటరీలు ఉన్న మాట నిజమే, కాబట్టి మంటలన్న అనుమానం గాలివాటం మాటేం కాదు. కానీ రేడియో, ట్రాన్స్‌పాండర్ రెండింటినీ కాల్చేసేంత మంట వస్తే ఆ విమానం ఇంకో ఏడు గంటలు ఎగురుతుందా? పైగా మధ్యలో తెగిపోయిన శాటిలైట్ కనెక్షన్ 2:25కి దానంతట అది మళ్ళీ కలిసింది, అంటే పోయిన కరెంటు తిరిగొచ్చినట్టుంది. మంటతో ఈ రెండూ పొసగవు.

లోపల గాలి పలచబడి అందరూ స్పృహ తప్పారా అంటే, అలాంటిది ఒకసారి జరిగింది. 2005 ఆగస్టులో సైప్రస్ నుంచి ఏథెన్స్ వెళ్తున్న హీలియోస్ విమానంలో క్యాబిన్ ప్రెషర్ స్విచ్ ఆటోలో పెట్టాల్సింది మాన్యువల్‌లో ఉండిపోయింది, ఎవరూ గమనించలేదు. పైకి వెళ్ళేకొద్దీ ఆక్సిజన్ చాలక పైలట్లు పడిపోయారు, ఆటోపైలట్ మాత్రం విమానాన్ని ఏథెన్స్ దాకా తీసుకెళ్ళి ఇంధనం అయిపోయేదాకా తిప్పుతూనే ఉంది. 121 మంది పోయారు. ఎంహెచ్ 370 చివరి గంటలు ఇలాగే గడిచి ఉండొచ్చు. మొదటి గంటలో అన్ని మలుపులు తిరగడానికి మాత్రం ఈ కారణం సరిపోదు, స్పృహలో లేనివాళ్ళు విమానాన్ని తిప్పలేరు కదా.

హైజాక్ సంగతికొస్తే, దొంగ పాస్‌పోర్టులతో ఎక్కిన ఇద్దరు ఇరానియన్ల మీద మొదట్లో గోల గోల చేశారు. ఐరోపాలో ఆశ్రయం కోసం బయల్దేరినవాళ్ళని తర్వాత తెలిసింది. 2018లో వచ్చిన మలేసియా తుది నివేదిక వెనక్కి తిరిగిన మలుపు ఆటోపైలట్ పని కాదని, చేత్తో తిప్పిందని చెప్పింది. పైలట్లిద్దరూ కాని మూడో మనిషి జోక్యాన్ని కొట్టిపారేయలేమని కూడా అంది. కెప్టెన్ ఇంట్లో ఉన్న సిమ్యులేటర్‌లో దక్షిణ హిందూ మహాసముద్రం వైపు వెళ్ళే పాయింట్లు దొరికాయి, నిజమే. కానీ అతని ప్రవర్తనలో తేడా ఏమీ విచారణలో కనబడలేదు. ఎవరో ఒక మనిషి కావాలనే తిప్పాడన్నంత వరకు నేను నమ్ముతాను. ఫలానావాడే అని చచ్చిపోయిన మనిషి మీద నింద వేయడానికి మాత్రం ఉన్న ఆధారాలు చాలవు.

ప్రశ్న: రాడార్‌లోనే లేనప్పుడు దక్షిణానికే వెళ్ళిందని ఎలా చెప్పారు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: విమానంలోని శాటిలైట్ యంత్రం గంటసేపు ఉలుకూ పలుకూ లేకపోతే నేలమీది స్టేషన్ "ఉన్నావా?" అని సిగ్నల్ పంపుతుంది. యంత్రం "ఉన్నా" అని జవాబిస్తుంది. అంతే, ఎక్కడున్నదీ చెప్పదు. కానీ ఆ జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి శాటిలైట్‌కి ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. అంటే చోటు తెలీదు, భూమ్మీద ఒక పెద్ద వంపు గీత తెలుస్తుంది. రైలు దగ్గరికొచ్చేటప్పుడు ఒకలా, దూరమయ్యేటప్పుడు ఒకలా కూత వినబడుతుంది చూశారా, అలా సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చిన తేడాని పట్టుకుని ఆ శాటిలైట్‌ని నడిపే ఇన్‌మార్‌శాట్ కంపెనీ ఇంజనీర్లు దక్షిణ దిక్కని తేల్చారు. చివరి సిగ్నల్ ఉదయం 8:19కి వచ్చింది, దాదాపు ఇంధనం అయిపోవాల్సిన వేళకి.

వాళ్ళ లెక్క మీద చాలామందికి నమ్మకం కుదరలేదు. అయితే 2015 జులైలో హిందూ మహాసముద్రం పడమటి వైపున్న రీయూనియన్ దీవి ఒడ్డుకి రెక్క ముక్క ఒకటి కొట్టుకొచ్చింది. ఒంటినిండా సముద్రపు గుల్లలు అంటుకుని ఉన్న ఆ ఫ్లాపెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) మీది నంబర్లు ఎంహెచ్ 370వే. తర్వాత మొజాంబిక్, టాంజానియా, మడగాస్కర్ తీరాల్లోనూ ముక్కలు దొరికాయి.

ప్రశ్న: ఇక దొరకదంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: విశాఖవాళ్ళు అడగాల్సిన ప్రశ్నే ఇది. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 బంగాళాఖాతంలో 29 మందితో పోయింది. అందులో ఎనిమిది మంది మీ ఊరి నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఎంత గాలించినా దొరక్కపోవడంతో చివరికి చేతులెత్తేశారు. ఏడున్నరేళ్ళ తర్వాత, 2024 జనవరిలో, మన సముద్ర పరిశోధన సంస్థ యంత్రం చెన్నైకి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున తీసిన ఫొటోల్లో ఆ శకలాలు కనిపించాయి. అందుకే నేను దొరకదు అనను.

ఎంహెచ్ 370కి శాటిలైట్ లెక్కలో తేలిన ఆ వంపు గీత వెంట 1,20,000 చదరపు కిలోమీటర్లు వెతికి 2017లో ఆపేశారు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ కంపెనీ మళ్ళీ వెతికింది, దొరకలేదు. 2025లో అదే కంపెనీతో కొత్త ఒప్పందం చేసుకున్నారు, దొరికితేనే 7 కోట్ల డాలర్లు, లేకపోతే పైసా ఇవ్వరు. ఆ విమానంలో మనవాళ్ళు ఐదుగురున్నారు, ఈ గాలింపు ఆగకూడదని నా గట్టి కోరిక.

దొరికినా వాయిస్ రికార్డర్ మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. అందులో చివరి రెండు గంటలే మిగులుతాయి, 1:21 నాటి మాటలు చెరిగిపోయి ఉంటాయి. ఫ్లైట్ డేటా రికార్డర్ అలా కాదు, 25 గంటలు దాచుకుంటుంది. అట్లాంటిక్‌లో 3,900 మీటర్ల లోతున రెండేళ్ళు పడున్న, 2009లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం రికార్డర్లలో డేటా చెక్కుచెదరలేదు. పదేళ్ళు దాటిన దీనిలోనూ మిగిలి ఉంటే, ఆ మలుపు ఎలా తిప్పారో, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొచ్చిందో దాన్నుంచే తెలుస్తుంది.