సూదితో సన్నబడతాం సరే, మనల్ని చూసేదెవరు?

పోయిన సంచికలో షుగర్ గురించి రాస్తూ చివర్లో ఒక్క లైన్ బరువు తగ్గే ఇంజక్షన్ల (మౌంజారో, వెగోవీ లాంటివి) గురించి రాశాను, అంతే, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పైన అవే. ఒకేలా ఉన్నవి కలిపేశాను, పేర్లు వద్దన్నారు కాబట్టి తీసేశాను. ముందే చెప్తున్నా, ఈ మందుల మీద నాకేం కోపం లేదు, అవసరమైన వాళ్లకి నేనూ రాస్తున్నాను. నా బాధల్లా ఏంటంటే ఇక్కడ ఉత్తరం రాసిన వాళ్లలో ఒక్కరికి కూడా మందు మొదలుపెట్టాక మళ్లీ పిలిచి ఎలా ఉందని అడిగిన మనిషి లేడు.

*డాక్టర్ గారూ, నాకు 26 ఏళ్లు, హైట్ 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 68 కేజీలు. ఫిబ్రవరిలో పెళ్లి. మా ఫ్రెండ్ మౌంజారో పెన్ వాడి వాంతులు ఎక్కువై మధ్యలో ఆపేసింది, అందులో ఇంకా 2 డోసులు ఉన్నాయి. సూది మార్చేసి నేను వేస్కోవచ్చా? ఇంట్లో తెలీదు. – గుంటూరు*

వేస్కోవద్దు తల్లీ. సూది కొత్తదే కానీ పెన్ లోపల మందు గొట్టం పాతదే కదా, గుచ్చి తీసేటప్పుడు కంటికి కనపడనంత రక్తం వెనక్కి అందులోకి పోవచ్చు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి లాంటివి అంటుకోడానికి ఆ కాస్త చాలు. మీ ఫ్రెండ్ ఏ డోసులో ఉందో కూడా నువ్వు రాయలేదు. ఈ మందు 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి కనీసం 4 వారాలు చూశాక అప్పుడు 5కి వెళ్తారు, అలవాటు లేని పొట్టలో ఒకేసారి పెద్ద డోసు పడితే నీ సంగతి కూడా ఆ అమ్మాయి లాగే అవుతుంది.

అసలు నీ లెక్క చూద్దాం. నీ బీఎంఐ, అంటే హైట్‌కి తగ్గ బరువు ఉందా లేదా చూసే లెక్క, 26.6 వస్తోంది. మన దేశపు వాళ్లకి 25 దాటితే ఊబకాయం కిందే లెక్క, అది నిజమే, కానీ ఈ మందులకి అనుమతి ఉన్నది 30, ఆ పైన ఉన్నవాళ్లకి, లేదంటే 27 ఉండి దానితోపాటు షుగరో బీపీనో ఇంకేదో ఉన్నవాళ్లకి. నువ్వు రెండింట్లోనూ లేవు. పైగా బరువు గబగబా దిగితే రెండు మూడు నెలలకి జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వస్తుంది, అంటే సరిగ్గా పెళ్లి టైంకి, జాకెట్ లూజ్ అయ్యిందని సంతోషపడేలోపు పూలజడకి సవరం వెతుక్కోవాల్సి వస్తుంది (నవ్వులాటకి రాయట్లేదు, ఈ కంప్లైంట్‌తో వచ్చిన పెళ్లికూతుళ్లని చూశాను).

ఇంకోటి, ఇది ఎవరూ అమ్మాయిలకి చెప్పట్లేదు. టిర్జెపటైడ్, అంటే మౌంజారో, వాడేటప్పుడు పిల్లలు పుట్టకుండా వేస్కునే మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు, మొదలుపెట్టిన 4 వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ ఇంకో 4 వారాలు వేరే జాగ్రత్త కూడా ఉండాలి. సెమాగ్లుటైడ్ (వెగోవీలో ఉండే మందు) అయితే గర్భం ప్లాన్ చేస్కునే ముందు కనీసం 2 నెలలు ఆపేయాలి. పీరియడ్స్ సరిగా రాకపోతే ఒకసారి గైనకాలజిస్ట్‌కి చూపించుకో, థైరాయిడ్ టెస్ట్ చేయించుకో. అమ్మకి కూడా చెప్పు.

*మా ఆయనకి 54, షుగర్ వచ్చి 11 ఏళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. తెలిసిన మెడికల్ షాపు అతను చెప్పాడని నెలన్నర నుంచి వారానికోసారి ఇంజక్షన్ కూడా మొదలెట్టారు. 5 కేజీలు తగ్గారు కానీ మధ్యాహ్నం తిన్నది రాత్రికి కూడా తేన్పుల్లో వస్తోందంటారు, అన్నం ముందు కూర్చుని నాలుగు ముద్దలకే లేస్తున్నారు. మొన్న సాయంత్రం చెమటలు పట్టి చేతులు వణికి మాట తడబడింది, పంచదార నీళ్లు పట్టాక తేరుకున్నారు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే బరువు తగ్గుతున్నాగా అంటున్నారు. – కరీంనగర్*

అమ్మా, మీరు పట్టిన ఆ పంచదార నీళ్లే ఆ రోజు మందు. అది లో షుగర్. ఈ ఇంజక్షన్ ఒక్కటే అయితే షుగర్ అంతలా పడిపోవడం అరుదు, ఎందుకంటే రక్తంలో చక్కెర ఎక్కువున్నప్పుడే ఇది ఇన్సులిన్‌ని కదిలిస్తుంది. గ్లిమిపిరైడ్ అలా కాదు, మనిషి తిన్నాడా లేదా అని చూడదు, దాని పని అది చేసుకుపోతుంది. తిండి సగానికి పడిపోయింది, మాత్ర మాత్రం పాత డోసే నడుస్తోంది, ఇంకేం, పడిపోక ఏం చేస్తుంది. ఇంజక్షన్ మొదలెట్టిన రోజే ఆ మాత్ర తగ్గించాలా ఆపాలా అని డాక్టర్ చూడాల్సింది, షాపు అతనికి ఆ పని తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు, అమ్మడం వరకే అతని పని, అది కూడా చీటీ ఉంటేనే. రేపే తీసుకెళ్లండి, అందాకా గ్లూకోమీటర్‌తో తినేముందు, పడుకునేముందు చూస్తుండండి, ఆయన్ని ఒంటరిగా బండి మీద పంపొద్దు.

తేన్పుల సంగతి. ఈ మందులు పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి, కొంత బరువు తగ్గేది అందుకే, వికారం వచ్చేదీ అందుకే. కొద్దికొద్దిగా తినడం, నూనె వేపుళ్లు తగ్గించడం, చాలనిపించగానే ఆపేయడం, ఇలా చేస్తే చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కానీ పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఎలా పడుకున్నా తగ్గనిది, దాంతోపాటు వాంతులు ఉంటే గ్యాస్ అని సోడా తాగిస్తూ కూర్చోకండి, అది పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు కావచ్చు, అరుదే కానీ ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే హాస్పిటల్. వాంతులు విరేచనాలు ఎక్కువై నీళ్లు ఒంట్లో నిలవకపోతే కిడ్నీ దెబ్బతింటుంది, ఎండాకాలం మరీనూ, మూత్రం ముదురు పసుపు అయితే లెక్క తప్పుతోందనే. 11 ఏళ్ల షుగర్ కాబట్టి రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష కూడా చేయించండి, షుగర్ ఒక్కసారిగా దిగినప్పుడు అప్పటికే పాడై ఉన్న రెటీనా ఇంకా పాడవ్వచ్చు. సెమాగ్లుటైడ్‌తో కంటి నరానికి రక్తం అందక సడన్‌గా చూపు పోవడం కూడా చాలా అరుదుగా జరుగుతోందని 2025లో యూరప్ మందుల సంస్థ చెప్పింది, పదివేల మందిలో ఒకరి దాకా. ఒక కన్ను పొద్దున లేచేసరికి మసకబారితే మర్నాటి దాకా ఆగకూడదు.

*నాకీ ఇంజక్షన్లంటే భయం. బ్యూటీ పార్లర్‌లో ఒకావిడ హెర్బల్ క్యాప్సూల్స్ ఇచ్చింది, డబ్బా మీద అంతా ఆకుల బొమ్మలే, సైడ్ ఎఫెక్ట్స్ లేవంది. నెలలో 6 కేజీలు తగ్గాను! కాకపోతే నిద్ర పట్టట్లేదు, నోరు ఎండిపోతోంది, గుండె దడదడ. – అనంతపురం*

ఇన్ని ఉత్తరాల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది మీదే. ఇవాళే ఆపేయండి, ఆ డబ్బా పట్టుకునే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, బీపీ చూపించి ఈసీజీ తీయించుకోండి. మీరు చెప్పిన మూడు లక్షణాలు కలిపి చూస్తే నాకు సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు గుర్తొస్తోంది. ఒకప్పుడు మన షాపుల్లోనూ దొరికేది, గుండె జబ్బున్న వాళ్లలో హార్ట్ ఎటాక్‌లు, స్ట్రోక్‌లు పెరుగుతున్నాయని 2010లో అమెరికా, యూరప్‌లలో తీసేశారు, 2011లో మన దేశం నిషేధించింది. షాపులోంచి పోయింది కానీ ఆకుల బొమ్మల డబ్బాల్లోకి దూరింది, మూలికల పేరుతో అమ్మేవాటిలో ఇది కలిపి దొరికిపోవడం చాలా దేశాల్లో జరుగుతూనే ఉంది. ఇంకొందరు థైరాయిడ్ మాత్ర పొడి కలుపుతారు, దానికీ దడ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. మీ డబ్బాలో ఏముందో టెస్ట్ చేయకుండా నేను చెప్పలేను, కానీ ఆకు పసరుకి నెలలో 6 కేజీలు దిగవు అండీ. ఇంజక్షన్‌కి భయపడ్డారు చూశారా, దాని డబ్బాలో కనీసం ఏముందో రాసైనా ఉంటుంది.

*మా అమ్మాయి అమెరికా నుంచి సెమాగ్లుటైడ్ సీసాలు సూట్‌కేస్‌లో పంపుతానంటోంది, సిరంజితో వేస్కోవచ్చట. నాకు 66. మోకాళ్ల నొప్పులు. – రాజమండ్రి*

వద్దని చెప్పండమ్మా, అమ్మాయి ప్రేమ ప్రేమే. అక్కడ ఫార్మసీల్లో కలిపిచ్చే సీసాల్లో ఎన్ని గీతలు లాగాలో తెలీక అనుకున్నదానికి 5 నుంచి 20 రెట్లు ఎక్కువ వేస్కుని హాస్పిటల్ పాలైన వాళ్లున్నారని 2024లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏనే హెచ్చరించింది. మందు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, గడ్డకడితే పారేయాల్సిందే, విమానం కింద సామాన్లలో ఏమైందో ఎవరికి తెలుసు. నిజంగా మీకు అవసరమైతే ఇక్కడే ఉన్నాయి, మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చేశాయి. కానీ ముందు డాక్టర్‌ని కలిసి రెండు సంగతులు చెప్పండి, ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా (వస్తే ఈ మందు అసలు వాడకూడదు), మీకు పాంక్రియాస్ వాపు ఎప్పుడైనా వచ్చిందా. మీ వయసులో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, మోకాలి మీద బరువు తగ్గి తొడలో బలం పోతే బాత్రూంలో పడతారు. అందుకని పూటకింత పప్పో గుడ్డో చేపో పెరుగో తప్పదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజూ కొన్నిసార్లు చేయండి.

*8 నెలల్లో 14 కేజీలు తగ్గా. ఖర్చు భరించలేక ఆపేశా, 5 నెలల్లో 8 వెనక్కొచ్చాయి. మందు పాడు చేసిందా నన్ను? – హైదరాబాద్, సాఫ్ట్‌వేర్*

పాడు చేయలేదు, నువ్వు బద్ధకస్తుడివీ కాదు. సెమాగ్లుటైడ్ ట్రయల్‌లో 68 వారాలు వాడి ఆపేసిన వాళ్లకి ఏడాది తిరిగేసరికి తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు వెనక్కొచ్చేసింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీనూ, ఆకలి మీద వేసిన మూత తీశావు, అది పైకొచ్చింది. ఈ మాట మొదటి ఇంజక్షన్ రాసిన రోజే చెప్పి, ఎన్నాళ్లు భరించగలవు బాబూ అని అడగాల్సింది. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చి వరకే, కాబట్టి చవక రకాలకి దారి ఉంది, మళ్లీ మొదలెట్టాలనుకుంటే ఎక్కడ ఆపావో ఆ డోసుతో మాత్రం కాదు, డాక్టర్ చెప్తే కింది మెట్టు నుంచి. ఈలోపు వారానికి రెండు మూడు రోజులైనా బరువులెత్తే వ్యాయామం పెట్టుకో, పోయిన కండ ఊరికే తిరిగి రాదు, వచ్చిన 8లో ఎక్కువ కొవ్వే.

*వచ్చే నెల గాల్‌బ్లాడర్ రాళ్లకి ఆపరేషన్. 4 నెలలుగా ఇంజక్షన్ వాడుతున్నట్టు మా ఆయనకి కూడా తెలీదు. డాక్టర్లకి చెప్పాలా? – విశాఖపట్నం*

చెప్పాలి. బరువు వేగంగా తగ్గినప్పుడు రాళ్లు రావడం మామూలే, ఈ మందులతోనూ వస్తాయి, కాబట్టి సర్జన్‌కి అది తెలియాలి. అంతకంటే ముఖ్యంగా మత్తు డాక్టర్‌కి తెలియాలి, మీరు రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్లినా పొట్టలో అన్నం ఇంకా ఉండిపోయి ఉండొచ్చు, మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. చివరి డోసు ఏ రోజు వేస్కున్నారు, ఎంత వేస్కున్నారు అనేది ఒక కాగితం మీద రాసి ఫైల్‌లో పెట్టండి, ఇప్పుడే ఫోన్ చేసి కూడా చెప్పండి, ఎప్పుడు ఆపాలో వాళ్లు చెప్తారు. ఆయనకి చెప్పడం మీ ఇష్టం, మత్తు డాక్టర్ దగ్గర మాత్రం దాచకండి.