హాంబర్గ్ పాత రేవు బేసిన్‌కి గేట్లు ఎందుకు లేవు?

లండన్ డాకులన్నిటికీ లాక్ గేట్లు (లోపలి నీటిని ఆపి ఉంచే తలుపులు) ఉండగా, జర్మనీలోని హాంబర్గ్‌లో సాండ్‌టోర్‌హాఫెన్ అనే పాత రేవు బేసిన్‌ని, అంటే ఓడలు ఆగడానికి తవ్విన మడుగుని, నదికి తెరిచి ఎందుకు వదిలేశారని అడిగారు. డబ్బు చాలకేమో అన్న మీ అనుమానంలో కొంత నిజం ఉండొచ్చు. గేట్లంటే ఖర్చే. కానీ అసలు లెక్క ఆటుపోట్లది.

ఆ ఊళ్లో ఉన్న రోజుల్లో సెలవు దొరికితే నేను అటే నడిచేవాణ్ణి. ఎల్బే నది మీద, సముద్రానికి వంద కిలోమీటర్ల పైచిలుకు ఎగువన ఉన్నా పోటు అక్కడిదాకా వస్తుంది. లండన్‌లో నీటిమట్టం ఐదారు మీటర్లు లేచి పడుతుంది కాబట్టి గేట్లు మూసి నీళ్లు ఆపకపోతే ఆటు వేళ ఓడలు బురదలో కూర్చుంటాయి. హాంబర్గ్‌లో అప్పట్లో ఆ తేడా రెండు మీటర్లకి అటూ ఇటూ. ఇంగ్లీషు ఇంజనీర్లు గేట్ల డాకే కట్టమన్నా, జలనిర్మాణాల అధికారి యోహానెస్ డాల్మన్ వద్దన్నాడు. గేట్లుంటే ఓడలు పోటు కోసం వరసలో కాచుకోవాలి. లేకపోతే ఎప్పుడొచ్చినా లోపలికే.

1866లో తెరిచిన ఈ బేసిన్ హాంబర్గ్‌లో మనుషులు తవ్వి కట్టిన మొదటిది. అంతకుముందు ఓడని నదిలో పాతిన దుంగలకి కట్టి, సరుకంతా చిన్న పడవల్లోకి దించేవారు. ఇక్కడ మాత్రం ఓడ నేరుగా గట్టుకే ఆనుకునేది, పట్టాల మీద కదిలే ఆవిరి క్రేను సరుకుని షెడ్డులోకి దించేది, షెడ్డు వెనకే రైలు. నన్నడిగితే గేట్లు లేకపోవడం కంటే ఇదే పెద్ద మార్పు.

కంటైనర్లొచ్చాక పెద్ద ఓడలు వేరే బేసిన్లకి పోయాయి. 2008 నుంచి ఇక్కడ పాత ఓడల్ని తేలే వేదికకి కట్టి ఉంచుతున్నారు, మూతి దగ్గర 2017లో ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ కచేరీ భవనం తెరిచారు.

తమాషా ఏమిటంటే, నదిని లోతు చేస్తూ పోవడం వల్ల కూడా ఇప్పుడా ఆటుపోట్ల తేడా మూడున్నర మీటర్లు దాటింది. ఇవాళైతే డాల్మన్ అంత ధీమాగా వద్దనేవాడా అని నా సందేహం. మన కలకత్తాలో 1892 నాటి ఖిదిర్‌పూర్ డాక్ చూడండి, హుగ్లీ పోటుకి గేట్లు తప్పలేదు.

హాంబర్గ్ వెళ్తే ఆటు వేళ ఒకసారి, ఆరు గంటల తర్వాత ఇంకోసారి చూడండి. పాత ఓడలు కట్టిన తేలే వేదిక మీదకి దిగే వంతెన వాలు ఎంత మారుతుందో తెలుస్తుంది. ఆటు వేళ పెద్దవాళ్లని దింపేటప్పుడు మాత్రం జాగ్రత్త, బాగా ఏటవాలుగా ఉంటుంది.