పార్కుల ప్లాన్ కంటే ముందు పాత లేఅవుట్ ఫైళ్లు తీయండి

పెరుగుతున్న మునిసిపాలిటీకి పదేళ్ల పార్కుల ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నేను అధికారిని కాను. తెలంగాణలో ఒక చిన్న పట్నంలో కాలనీ సంఘం కార్యదర్శిగా ఆరేళ్లు ఆఫీసు మెట్లు ఎక్కి దిగినవాణ్ణి. నన్నడిగితే, కొత్త పార్కు డిజైన్ గీయించే ముందు ఉన్న జాగాల లెక్క తేల్చండి.

అప్రూవ్డ్ లేఅవుట్‌లో ఓపెన్ స్పేస్ వదిలి, దాన్ని మునిసిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేయాలి, అంటే ఉచితంగా రాసివ్వాలి. మా వార్డులో కాగితాల మీద అలాంటివి నాలుగు ఉన్నాయి. టేపు పట్టుకుని వెళితే ఒకదాంట్లో వాటర్ ట్యాంకు, ఇంకోదాంట్లో ఎవరిదో బర్రెల కొట్టం. మూడోదానికి గిఫ్ట్ డీడే చేయలేదు. మిగిలిన నాలుగోదే ఇప్పటి మా పార్కు. దానికి కంచె వేయించడానికే పద్నాలుగు నెలలు పట్టింది.

అనుమతి లేని లేఅవుట్లలో ఆ కాస్త జాగా కూడా వదలరు. అందుకే అలాంటి ప్లాట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో ప్లాటు విలువ మీద 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టించుకుంటారు. ఆ డబ్బుతో మీ ఊళ్లో ఎక్కడైనా స్థలం కొన్నారేమో కనుక్కోండి. శివార్లలో ఇళ్లు లేచాక కొనడం ఎవరి తరమూ కాదు.

ఇక నిర్వహణ. మా పార్కులో ఓపెన్ జిమ్ పెట్టిన మరుసటి ఏడే బోరు మోటరు స్టార్టర్ పోయింది. చిన్న ఖర్చే, కానీ దాన్ని ఏ పద్దులో రాయాలో తేలక ఎండాకాలమంతా ఫైలు తిరిగింది, గడ్డి మాడిపోయింది. 2019 మునిసిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంటోంది. అదంతా మొక్కలు నాటడానికే పోతే తోటమాలి జీతం, కరెంటు బిల్లు ఎవరిస్తారు?

సర్వే ఫారాలు పంచేకన్నా ఎవరినైనా పొద్దున అయిదున్నరకు, రాత్రి ఏడుకు పార్కులో కూర్చోబెట్టండి. మా వెనక గేటు దగ్గర లైటు పోతే ఆడవాళ్లు ముందు అటువైపు నడవడం మానేశారు, తర్వాత సాయంత్రాలు రావడమే మానేశారు.

నేను చేసిన తప్పూ ఒకటుంది. ‘ఇక్కడ క్రికెట్ ఆడరాదు’ అని బోర్డు పెట్టించాను. పిల్లలు మెయిన్ రోడ్డెక్కారు. రెండు వారాలకు బోర్డు పీకించి, పార్కులో ఒక మూల వాళ్లకు వదిలేశాం. ఇప్పటిదాకా ఒక కిటికీ అద్దం పగిలింది, అంతే. దాని డబ్బులు సంఘమే ఇచ్చింది.